ఎయిర్ పిస్టల్‌కు ఏ సైజు పెల్లెట్ వాడాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో పది మీటర్ల ఎయిర్ పిస్టల్ సాధన మొదలుపెట్టిన పిల్లలు, వారి తల్లిదండ్రులు, ఉద్యోగాలు చేసుకుంటూ ఆదివారాలు రేంజ్‌కు వచ్చే పెద్దలు పదే పదే అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. పెల్లెట్ల (ఎయిర్ పిస్టల్‌లో వేసే చిన్న సీసపు గుండ్ల) డబ్బా మూత మీద 4.49, 4.50, 4.51 అని కనబడే అంకెల్లో దేన్ని ఎంచుకోవాలన్నది వీటిలో ముఖ్యమైనది. అమెరికాలో ఉన్న బంధువులు తూటాలను తామే నింపుకోవడం చూసి వచ్చినవారు బుల్లెట్ వ్యాసం గురించి అడిగే ప్రశ్నలకు కూడా చివర్లో జవాబులు ఉన్నాయి, ఎందుకంటే పెల్లెట్‌కైనా బుల్లెట్‌కైనా మూలసూత్రం ఒకటే.

డబ్బా మీద 4.50 అని రాసి ఉంటుంది. అది పెల్లెట్‌లో ఏ భాగం కొలత?

పెల్లెట్‌ను అరచేతిలో పెట్టుకుని చూడండి. బుడబుక్కలవాడి చేతిలోని డమరుకంలాగా రెండు వైపులా వెడల్పుగా, మధ్యలో సన్నగా ఉంటుంది. ముందువైపు బల్లపరుపుగా ఉన్న భాగాన్ని హెడ్ అని, సన్నని భాగాన్ని నడుము అని, వెనుక బోలుగా ఉన్న పలుచని అంచును స్కర్ట్ అని అంటారు. మూత మీది సంఖ్య హెడ్ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో చెబుతుంది. స్కర్ట్ అంతకంటే కొంచెం పెద్దదిగా ఉంటుంది కాని, దాని కొలతను సాధారణంగా మూత మీద ముద్రించరు.

బ్యారెల్ లోపల మెలితిరిగిన గాడులు, వాటి మధ్య గట్లు ఉంటాయి. హెడ్ ఆ గట్ల మీద ఆనుకుని జారుతూ పెల్లెట్‌ను బ్యారెల్ నడిమధ్యన నిలబెడుతుంది. స్కర్ట్ వెనుకనుంచి వచ్చే గాలి ఒత్తిడికి విచ్చుకుని గాడులలోకి దిగి, గాలి పక్కనుంచి తప్పించుకోకుండా మూస్తుంది, పెల్లెట్‌కు తిరుగుడునూ ఇస్తుంది. హెడ్ మరీ చిన్నదైతే పెల్లెట్ బ్యారెల్‌లో అటూ ఇటూ ఒరుగుతుంది, మరీ పెద్దదైతే గట్లు దాన్ని ఎక్కువగా గీరి ఆకారాన్ని పాడుచేస్తాయి.

ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. అదే మూత మీద 0.45 గ్రా. అనో 0.53 గ్రా. అనో మరొక సంఖ్య ఉంటుంది, అది బరువు. 4.50కి, 0.45కి మధ్య తికమకపడి, ‘నాలుగు అయిదుది ఇవ్వండి’ అని అడిగి, ఇంటికి వెళ్లాక చూసుకుంటే రైఫిల్ పెల్లెట్లు చేతిలో ఉన్న తండ్రిని నేను ఎరుగుదును. ఆ తండ్రిని నేనే.

ఎయిర్ పిస్టళ్లన్నీ 4.5 మి.మీ. వే కదా, మరి పెల్లెట్లకు ఇన్ని సైజులు ఎందుకు?

లాడ్ బజార్‌లో గాజులు కొన్నవారికి దీన్ని వివరించడం తేలిక. రెండు-నాలుగు, రెండు-ఆరు, రెండు-ఎనిమిది అని గాజుల సైజులు ఉంటాయి. అనుభవం ఉన్న గాజుల వ్యాపారి మీ వయసు అడగడు, మీ అక్కయ్య ఏ సైజు వేసుకుంటుందో అడగడు. చెయ్యి పట్టుకుని, కణుపుల దగ్గర నొక్కి చూసి, లోపలినుంచి ఒక డబ్బా తీస్తాడు. గాజు కణుపు దాటాలి, దాటిన తరువాత మణికట్టు దగ్గర జారిపోకూడదు. బ్యారెల్‌కు, పెల్లెట్‌కు ఉన్న సంబంధం కూడా అలాంటిదే.

బ్యారెల్ తయారీలో ఎంత శ్రద్ధ తీసుకున్నా మిల్లీమీటరులో వందో వంతు అటూ ఇటూ కావడం సహజం. ఒకే కంపెనీ ఒకే వారంలో చేసిన రెండు బ్యారెళ్లు కూడా లోపలి కొలతలో అచ్చంగా ఒకటి కావు. అందుకే పోటీ పెల్లెట్లు చేసేవారు 4.48 లేదా 4.49 మొదలుకొని 4.51, 4.52 వరకు వందో వంతు తేడాతో సైజులు చేస్తారు. 4.5 అన్నది ఆ తరగతి తుపాకులన్నిటికీ ఉమ్మడిగా పెట్టుకున్న పేరు మాత్రమే.

మా అమ్మాయి పోయిన నెలే మొదలుపెట్టింది. ఏది కొనమంటారు?

పిస్టల్‌కు ఉద్దేశించిన, బల్లపరుపు హెడ్ ఉన్న 4.50 కొనండి. ఇంకేమీ ఆలోచించకండి.

వందో వంతు మిల్లీమీటరు తేడాకు స్కోరు నిజంగా మారుతుందా?

లెక్క వేసి చూద్దాం. పది మీటర్ల ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మి.మీ. పెల్లెట్ అంచు ఆ వలయాన్ని తాకినా పది పాయింట్లు ఇస్తారు కనుక, 4.5 మి.మీ. పెల్లెట్ కేంద్రం టార్గెట్ కేంద్రానికి 8 మి.మీ. దూరంలో పడినా పదే వస్తుంది. ఆపైన ప్రతి 8 మి.మీ.కు ఒక పాయింటు తగ్గుతూ పోతుంది.

ఇప్పుడు ఒక పిస్టల్‌ను కదలకుండా బిగించి కాల్చితే, నప్పిన పెల్లెట్లతో పది రంధ్రాలూ కలిసి బయటి అంచునుంచి బయటి అంచుకు 6.5 మి.మీ. ఉన్న ఒకే రంధ్రంగా ఏర్పడ్డాయని, నప్పని పెల్లెట్లతో అది 10 మి.మీ. అయిందని అనుకుందాం. రెంటిలోనుంచి పెల్లెట్ వెడల్పు 4.5 మి.మీ. తీసేస్తే కేంద్రాల మధ్య చెదురు 2 మి.మీ., 5.5 మి.మీ. మిగులుతుంది. అంటే నప్పని పెల్లెట్ వల్ల ఒక గురి మధ్యనుంచి ఎక్కువలో ఎక్కువ 2.75 మి.మీ. తప్పుతుంది, నప్పినదైతే 1 మి.మీ. తప్పుతుంది.

నెల రోజుల కింద మొదలుపెట్టినవారి గురి టార్గెట్ మీద నాలుగైదు సెంటీమీటర్ల మేర తిరుగుతుంటుంది. ఆ కదలికలో ఈ రెండు మిల్లీమీటర్లు ఎక్కడ ఉన్నాయో కూడా కనబడదు. పైగా పెల్లెట్ తప్పు ఒకసారి గురిని చెడగొడితే మరొకసారి అనుకోకుండా బాగు కూడా చేస్తుంది. కాని అరవై షాట్లలో, అంటే 600 పాయింట్లకు, 570కి పైగా కొట్టే వ్యక్తి సంగతి వేరు. ఆ వ్యక్తి పోగొట్టుకునే షాట్లలో చాలా వరకు పదికీ తొమ్మిదికీ మధ్య ఉన్న గీతకు ఆనుకుని పడినవే అయి ఉంటాయి, అక్కడ ఒక మిల్లీమీటరు అంటే ఒక పాయింటు. ఇక ఫైనల్స్‌లో దశాంశ స్కోరు లెక్కిస్తారు. పది పాయింట్ల లోపల ప్రతి 0.8 మి.మీ.కు 0.1 తగ్గుతుంది కనుక, ఆ స్థాయిలో పెల్లెట్ ఎంపికను పట్టించుకోకపోతే ఎదుటివారికి చేజేతులా పాయింట్లు ఇచ్చినట్టే.

నా అభిప్రాయంలో 540 దాటి స్కోరు నిలకడగా వస్తున్నప్పుడు సైజు పరీక్ష చేయించుకుంటే సరిపోతుంది. అంతకు ముందు ఆ డబ్బును మరో రెండు డబ్బాల పెల్లెట్లకు పెట్టి, వాటిని కాల్చడం మంచిది.

నా పిస్టల్‌కు నప్పే సైజును ఎలా కనుక్కోవాలి?

కాల్చి చూడడం తప్ప వేరే నమ్మకమైన మార్గం లేదు. అయితే చేత్తో పట్టుకుని కాల్చకూడదు, ఎందుకంటే అప్పుడు పెల్లెట్‌కు పరీక్ష జరగదు, చేతికి జరుగుతుంది. పిస్టల్ పిడిని తీసివేసి, ఫ్రేమును బరువైన బల్లకు అమర్చిన వైస్‌లో బిగించి, పది మీటర్ల దూరంలో కాగితం టార్గెట్ పెట్టి కాల్చాలి. ఈ పని రేంజ్ అధికారుల అనుమతితో, కోచ్ లేదా ఆర్మరర్ (తుపాకుల మరమ్మతు చూసే నిపుణుడు) సమక్షంలోనే జరగాలి. మన నగరంలో బిగించి పరీక్షించే ఏర్పాటు అన్ని రేంజుల్లోనూ ఉండదు, కనుక ముందే కనుక్కుని వెళ్లండి. అది దొరకకపోతే ఇసుక సంచి మీద ఆనించి, జట్టులో అందరికంటే నిలకడగా కాల్చే వ్యక్తి చేత కాల్పించడం ద్వితీయ పక్షం.

ఒకే కంపెనీవి, ఒకే బరువున్నవి 4.49, 4.50, 4.51 తీసుకోండి. కంపెనీ, బరువు, సైజు మూడూ ఒకేసారి మారిస్తే ఏ తేడా దేనివల్ల వచ్చిందో తెలియదు. పెల్లెట్ మార్చినప్పుడల్లా మొదటి అయిదారు షాట్లను లెక్కలోకి తీసుకోకుండా పక్కన కాల్చేయాలి, ఎందుకంటే బ్యారెల్ లోపల అంతకు ముందు పెల్లెట్ వదిలిన సీసపు పూత, నూనె పొర సర్దుకోవడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. తరువాత పది షాట్లను ఒకే చోట కాల్చి, కాగితం మీద సైజు, బ్యాచ్ నంబరు, తేదీ రాయాలి. మూడు సైజులూ అయిన తరువాత వరుస తిప్పి మళ్లీ మొదలుపెట్టాలి, మొదట 4.49తో మొదలుపెట్టి ఉంటే ఈసారి 4.51తో.

అయిదు షాట్ల గ్రూపు, అంటే కాగితం మీద పడిన రంధ్రాల గుంపు, చూసి నిర్ణయం తీసుకునేవారు చాలామంది ఉన్నారు. అయిదు షాట్లు అదృష్టవశాత్తూ ఒకే రంధ్రంలో పడిపోవచ్చు. నేను ఒకసారి 4.51తో అయిదు షాట్లకే ఒక్క చిల్లు పడడం చూసి, ఆనందం పట్టలేక పది డబ్బాలు కొనేశాను. తరువాతి ఆదివారం అదే పెల్లెట్లతో పది షాట్లు బిగించి కాలిస్తే, ఏడు ఒకచోట పడి, మూడు పైకి, కుడికి, మళ్లీ పైకి ఎగిరాయి. 4.49 గ్రూపు చూడడానికి అంత అందంగా లేకపోయినా పదికి పది కలిసే ఉన్నాయి. ఆ కాగితాన్ని ఇప్పటికీ నా పెల్లెట్ల పెట్టె మూతకు లోపలివైపు అంటించి ఉంచాను.

గ్రూపును కొలిచేటప్పుడు చిరిగిన కాగితం అంచులను చూసి మోసపోకండి. పలుచని కాగితం రంధ్రం చుట్టూ పీచులా చిరుగుతుంది. గట్టి టార్గెట్ కార్డు వాడి, బయటి అంచునుంచి బయటి అంచుకు కొలిచి, 4.5 తీసేయండి. రెండు సైజుల మధ్య తేడా అర మిల్లీమీటరు లోపే ఉంటే రెండూ ఒకటేనని భావించి, మార్కెట్‌లో ఏది ఏడాది పొడుగునా దొరుకుతుందో దాన్ని ఎంచుకోవడం తెలివైన పని.

పెల్లెట్‌ను వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి సైజు నిర్ధారించుకోవచ్చా?

కుదరదు. మామూలు వెర్నియర్ చూపగలిగే కనీస కొలతే 0.02 మి.మీ. డిజిటల్ కాలిపర్ తెర మీద 0.01 వరకు అంకె కనబడుతుంది కాని, దాని కచ్చితత్వం సాధారణంగా అటూ ఇటూ 0.02 మి.మీ. ఉంటుంది. మీరు వెతుకుతున్న తేడా 0.01. కందిపప్పు తూచే కాటాతో బంగారం తూచినట్టు ఉంటుంది.

రెండో చిక్కు సీసం మెత్తదనం. ఒకే పెల్లెట్‌ను డిజిటల్ కాలిపర్ దవడల మధ్య పెట్టి, ప్రతిసారి కొద్దిగా తిప్పుతూ వరుసగా అయిదుసార్లు కొలిచి చూశాను. 4.52, 4.50, 4.51, 4.49, 4.48 అని వచ్చింది. చివరికి కళ్లజోడు సవరించుకుని చూస్తే హెడ్ అంచు మీద దవడలు నొక్కిన రెండు చిన్న మెరిసే గీతలు కనిపించాయి. అంటే కొలవడంతోనే పెల్లెట్ నలిగిపోయింది. మైక్రోమీటర్ ఇంతకంటే మేలే కాని, దాని రాట్చెట్ ఒత్తిడికి కూడా సీసం లొంగుతుంది. కొలతకు కాల్చిన గ్రూపే సాక్ష్యం.

వేలితో లోపలికి నెట్టినప్పుడు తెలిసే బిగువును బట్టి చెప్పవచ్చా?

కొంత వరకు చెప్పవచ్చు. నెట్టకుండానే పెల్లెట్ దానంతట అదే జారి లోపలికి పడిపోతే అది వదులుగా ఉన్నట్టే. బొటనవేలితో గట్టిగా అదిమినా స్కర్ట్ బయటే నిలబడితే అది బిగుతుగా ఉంది, అలా అదిమేటప్పుడు స్కర్ట్ వంగిపోతుంది కూడా. ఈ రెంటి మధ్య ఉన్నవాటిలో ఏది మంచిదో వేలికి తెలియదు. పైగా వేలికి తెలిసే బిగువు చాలా వరకు స్కర్ట్‌దే, హెడ్‌ది కాదు.

అదే కంపెనీ, అదే 4.50. కాని కొత్త డబ్బా తెరిచిన రోజునుంచి గ్రూపు పెద్దదయింది. కారణం?

బ్యాచ్ మారింది. పెల్లెట్లను అచ్చు వేసే డైలు వాడేకొద్దీ అరుగుతాయి, వాటిని మారుస్తారు, సీసం మిశ్రమంలో కూడా స్వల్పమైన తేడాలు వస్తాయి. మూత మీది 4.50 తయారీదారు ఉద్దేశించిన కొలత. రెండు బ్యాచ్‌ల 4.50ల మధ్య ఉండే తేడా, ఒకే బ్యాచ్‌లోని 4.49కి 4.50కి మధ్య ఉండే తేడాకంటే ఎక్కువ కావడం అరుదేమీ కాదు. నన్నడిగితే సైజు కంటే బ్యాచ్ ముఖ్యం. అందుకే అనుభవం ఉన్నవారు ముందు రెండు మూడు బ్యాచ్‌లనుంచి ఒక్కో డబ్బా తెచ్చి పరీక్షించి, నప్పిన బ్యాచ్‌నుంచి ఏడాదికి సరిపడా ఒకేసారి కొనుక్కుంటారు. దుకాణదారుడు ‘అంతా ఒకటే సార్’ అన్నా, డబ్బా అడుగున ఉన్న నంబరు మీరే తిప్పి చూసుకోండి.

బ్యాచ్ మారలేదని నిర్ధారించుకుంటే, అప్పుడు బ్యారెల్‌ను ఈమధ్య శుభ్రం చేశారేమో గుర్తు తెచ్చుకోండి. ఫెల్ట్ ముక్కలతో తుడిచిన తరువాత ఇరవై షాట్ల దాకా గ్రూపు కుదురుకోకపోవడం మామూలే.

ఈషా సింగ్ వాడే పెల్లెట్ ఏదో కనుక్కుని అదే కొంటే సరిపోదా?

ఈ ప్రశ్న మన నగరంలో రావడం సహజమే. హైదరాబాద్‌లో పుట్టి, గచ్చిబౌలి రేంజ్‌లో సాధన మొదలుపెట్టిన ఈషా 2018లో పదమూడేళ్ల వయసులోనే పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో జాతీయ ఛాంపియన్ అయింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో 25 మీటర్ల పిస్టల్ జట్టుతో స్వర్ణం, మరి మూడు రజతాలు సాధించింది, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పాల్గొన్నది. ఆమెనుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది. కాని పెల్లెట్ సైజు మాత్రం ఆమె చేతికి కాక ఆమె బ్యారెల్‌కు సంబంధించిన విషయం. ఆ బ్యారెల్ మీ దగ్గర లేదు. జర్మనీలో తయారయ్యే ఆర్‌డబ్ల్యూఎస్, హెచ్ అండ్ ఎన్, చెక్ దేశపు జేఎస్‌బీ, చైనా నుంచి వచ్చే చియాంగ్ యువాన్, ఇవన్నీ అంతర్జాతీయ పోటీలలో కనబడేవే. వీటిలో దేనికైనా అభిమానులు ఉన్నారు, దేనితోనైనా నప్పని పిస్టల్ కూడా ఉంటుంది.

రైఫిల్ పెల్లెట్లను పిస్టల్‌లో వాడవచ్చా?

బ్యారెల్‌లో పడతాయి, కాల్చితే వెళతాయి, ప్రమాదం లేదు. పోటీ రైఫిల్ పెల్లెట్ 0.53 గ్రాముల దగ్గర, పిస్టల్ పెల్లెట్ 0.45 నుంచి 0.50 గ్రాముల మధ్య ఉంటుంది. ఎయిర్ పిస్టల్‌నుంచి పెల్లెట్ సెకనుకు సుమారు 150 మీటర్ల వేగంతో వెలువడుతుంది, బరువైన పెల్లెట్ అంతకంటే కొంచెం మెల్లగా కదిలి బ్యారెల్‌లో ఎక్కువసేపు ఉంటుంది, ఆ కాస్త వ్యవధిలో చెయ్యి కదిలితే గురి తప్పుతుంది. పొరపాటున కొన్నవారు వాటిని పారేయనక్కరలేదు, సాధనకు వాడేయవచ్చు. నేను అలాగే ఖర్చు చేశాను.

మే నెలలో మన ఎండలకు పెల్లెట్ సాగి సైజు మారుతుందా?

మారుతుంది కాని పట్టించుకోవలసినంత కాదు. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే సీసం పది లక్షల భాగాలకు దాదాపు 29 భాగాల చొప్పున సాగుతుంది. జనవరి ఉదయం 14 డిగ్రీలకు, మే మధ్యాహ్నం 42 డిగ్రీలకు మధ్య తేడా 28 డిగ్రీలు. 4.5 మి.మీ. హెడ్ ఆ తేడాకు 0.004 మి.మీ. కూడా పెరగదు, అంటే ఒక సైజు తేడాలో సగం కూడా కాదు. బ్యారెల్ ఉక్కు కూడా కొంత సాగుతుంది. ఎండాకాలంలో గ్రూపు పైకో కిందికో జరిగితే పెల్లెట్‌ను అనుమానించకండి, సిలిండర్ ఒత్తిడిని, ముఖ్యంగా పాత కార్బన్ డయాక్సైడ్ పిస్టల్ అయితే దాన్ని అనుమానించండి.

మన వాతావరణంలో అసలు చిక్కు వానాకాలంలో వస్తుంది. మూత సరిగా పెట్టని డబ్బాలో పెల్లెట్ల మీద తెల్లని బూడిదలాంటి పొర పడుతుంది. అలాంటివాటిని పోటీకి వాడకండి, చేత్తో రుద్ది శుభ్రం చేసే ప్రయత్నం అసలే చేయకండి, ఆ పొడి విషపూరితం.

డల్లాస్‌లో ఉన్న మా బావగారు పిస్టల్ తూటాలను ఇంట్లోనే నింపుకుంటారు. ఆయన కూడా వ్యాసం గురించే మాట్లాడతారు. అదీ ఇదీ ఒకటేనా?

సూత్రం ఒకటే, పర్యవసానాలు వేరు. తూటా అంటే ఇత్తడి గొట్టం, అడుగున ప్రైమర్ (దెబ్బ తగలగానే నిప్పు పుట్టించేది), లోపల తుపాకి మందు, పైన బుల్లెట్, నాలుగూ కలిసినది. కాల్చిన తరువాత మిగిలిన గొట్టాన్ని మళ్లీ సైజు చేసి, కొత్త ప్రైమర్, మందు, బుల్లెట్ అమర్చడాన్ని రీలోడింగ్ అంటారు. అక్కడ బుల్లెట్ వ్యాసం తప్పితే పాయింట్లు పోవడంతో ఆగదు, ఒత్తిడి పెరిగి తుపాకీకి, మనిషికి హాని జరగవచ్చు.

మొదట గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, తూటా పేరు వేరు, బుల్లెట్ వ్యాసం వేరు. 9 మి.మీ. లూగర్ తూటాలో బుల్లెట్ వ్యాసం 0.355 అంగుళం, అంటే 9.02 మి.మీ. 9 మి.మీ. మకరోవ్ తూటాలో అది 0.365 అంగుళం, అంటే 9.27 మి.మీ. పేరులో రెండూ తొమ్మిదే. .38 స్పెషల్‌లో బుల్లెట్ 0.38 అంగుళం ఉండదు, రాగి తొడుగు ఉన్నదైతే 0.357, సీసానిదైతే 0.358 ఉంటుంది. వెనకటి కాలపు తూటాలలో బుల్లెట్ గొట్టానికి బయటి వ్యాసంతో సమానంగా ఉండేది, తరువాత బుల్లెట్ గొట్టం లోపలికి వెళ్లి సన్నబడింది, పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది.

రెండోది, తొడుగు ఉన్న బుల్లెట్ సాధారణంగా బ్యారెల్ గాడుల వ్యాసానికి సమానంగా ఉండాలి. తొడుగు లేని సీసపు బుల్లెట్ అంతకంటే వెయ్యో వంతు అంగుళం, అంటే 0.025 మి.మీ., పెద్దదిగా ఉండాలి. .45 ఏసీపీకి తొడుగు బుల్లెట్ 0.451, సీసపుది 0.452 అని రెండు రకాలుగా అమ్మడానికి కారణం ఇదే. సీసపు బుల్లెట్ చిన్నదైతే వేడి వాయువు దాని పక్కలనుంచి దూసుకుపోతూ సీసాన్ని కరిగించి బ్యారెల్‌కు పూతలా అంటిస్తుంది, గురి చెదురుతుంది, ఒక్కోసారి బుల్లెట్ అడ్డంగా తిరిగి టార్గెట్‌లో తాళంచెవి కన్నం ఆకారంలో రంధ్రం చేస్తుంది. చిన్న బుల్లెట్‌తో ఇంకో ప్రమాదం ఉంది. గొట్టం మూతి దాన్ని గట్టిగా పట్టుకోలేదు కనుక, పిస్టల్ తూటాను లోపలికి తోసుకునేటప్పుడు బుల్లెట్ వెనక్కి దిగిపోయి, మందుకు ఉన్న జాగా తగ్గి, ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. పెద్దదైతే తూటా చాంబర్‌లో (బ్యారెల్ వెనుక తూటా కూర్చునే గదిలో) పూర్తిగా కూర్చోదు, లేదా కూర్చుని ఒత్తిడిని పెంచుతుంది.

బ్యారెల్ కొలత తెలుసుకోవడానికి, ఖాళీ చేసి విడదీసిన తుపాకీ బ్యారెల్‌లో మెత్తని స్వచ్ఛమైన సీసపు ముద్దను ఒక చివరనుంచి నెట్టి రెండో చివర తీసి, దాని మీద పడిన గాడుల ముద్రను మైక్రోమీటర్‌తో కొలుస్తారు. గాడులు సరిసంఖ్యలో ఉంటే ఎదురెదురుగా కొలవడం తేలిక. అయిదు గాడుల బ్యారెల్ అయితే ఒక గాడికి ఎదురుగా గట్టు వస్తుంది, మామూలు మైక్రోమీటర్ తప్పు చూపుతుంది, దానికి మూడు ఆనుడు తలాలు ఉన్న ప్రత్యేక మైక్రోమీటర్ కావాలి. రివాల్వర్‌కైతే సిలిండర్ గదుల ముందు మూతి కూడా కొలవాలి, అది గాడుల వ్యాసం కంటే చిన్నగా ఉంటే ఎంత సరైన బుల్లెట్ వేసినా బ్యారెల్‌లోకి చేరేసరికి నొక్కుకుపోయి చిన్నదైపోతుంది. మీ బావగారికి ఈ చివరి సంగతి తెలుసో లేదో ఒకసారి అడిగి చూడండి.

25 మీటర్ల పోటీలలో వాడే తూటాలకు మనం సైజు ఎంచుకోవచ్చా?

మహిళల 25 మీటర్ల పిస్టల్‌లో వాడేది .22 లాంగ్ రైఫిల్ తూటా. ఇందులో ప్రైమింగ్ మిశ్రమం గొట్టం అడుగు అంచులోనే ఉంటుంది, కాల్చినప్పుడు ఆ అంచు నలిగిపోతుంది కనుక తిరిగి నింపుకునే అవకాశం ఉండదు. వ్యాసం ఎంచుకునే ప్రశ్నే లేదు, బ్యాచ్‌లు పరీక్షించుకోవడం ఒక్కటే చేయగలిగింది. పురుషుల సెంటర్ ఫైర్ (ప్రైమర్ గొట్టం అడుగున నడిమధ్యలో ఉండే తూటాల) పోటీలో 7.62 నుంచి 9.65 మి.మీ. వరకు అనుమతి ఉన్నా, చాలామంది బల్లపరుపు బుల్లెట్ ఉన్న .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ వాడతారు. మన దేశంలో .32 పిస్టల్, .32 రివాల్వర్ అని రెండూ వినబడతాయి కాని, వాటి తూటాలు వేర్వేరు, ఒకదానిలో మరొకటి వేయకూడదు.

మన దేశంలో ఇంట్లో తూటాలు నింపుకోవచ్చా?

కూడదు. ఆయుధాల చట్టం, 1959లోని అయిదో సెక్షన్ ప్రకారం మందుగుండు తయారీకి లైసెన్స్ తప్పనిసరి. తుపాకీ ఉంచుకునే లైసెన్స్ ఆ హక్కు ఇవ్వదు. బావగారు పంపిన వీడియో చూసి ఇక్కడ ప్రయత్నించకండి.

ఎయిర్ పిస్టల్‌కు లైసెన్స్ కావాలా?

2016 ఆయుధాల నియమాల ప్రకారం వెలువడే శక్తి 20 జౌళ్లు మించినా, బోరు (బ్యారెల్ లోపలి వ్యాసం) 4.5 మి.మీ. మించినా లైసెన్స్ కావాలి. పోటీ పిస్టల్ ఇచ్చేది సుమారు 5 జౌళ్లే కనుక అది ఈ హద్దుకు చాలా లోపల ఉంటుంది. అయినా కొన్న బిల్లు, క్లబ్ గుర్తింపు కార్డు పెట్టెలోనే ఉంచుకోండి. మెట్రో స్టేషన్ తనిఖీ దగ్గర జౌళ్ల లెక్క చెప్పి ఒప్పించడం అంత సులువు కాదు.

డబ్బా కింద పడింది. ఆ పెల్లెట్లు వాడవచ్చా?

తెల్లని గుడ్డ మీద పోసి ఒక్కొక్కటి తిప్పి స్కర్ట్ చూడండి. గుండ్రంగా ఉన్నవాటిని పోటీకి, కొద్దిగా సొట్టపడినవాటిని సాధనకు వేరు చేయండి. బాగా నలిగినవి, నేల మీది ఇసుక అంటినవి బ్యారెల్‌ను గీస్తాయి, పక్కన పడేయాల్సిందే. కాల్చిన పెల్లెట్లను ఏరి మళ్లీ వాడవచ్చా అని కూడా ఒక చిన్నవాడు అడిగాడు. వాడకూడదు.

ఏరడం పూర్తయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోనిదే టిఫిన్ డబ్బా తెరవకండి. పెల్లెట్‌ను పెదవుల మధ్య పట్టుకునే అలవాటు కొందరు పిల్లలకు ఉంటుంది, దాన్ని మొదటి రోజే మాన్పించాలి.

పరీక్షలో నప్పని సైజు డబ్బాలు మిగిలిపోయాయి. ఏం చేయాలి?

మీ పిస్టల్‌కు నప్పనిది పక్క లేన్‌లో కాల్చేవారి పిస్టల్‌కు నప్పవచ్చు. డబ్బా మీద సైజు, బ్యాచ్ నంబరు చెరిగిపోకుండా చూసి, ఇరవై పెల్లెట్లు పరీక్షకు ఇచ్చి, నచ్చితే మార్చుకోండి. నా పది డబ్బాల 4.51 అలాగే ఇప్పటికి ఏడు వదిలించుకున్నాను. ఇంకా మూడు ఉన్నాయి.